ఉచిత వీడియో పాఠాలతో ఆండ్రాయిడ్ యాప్ తయారీ: ఎనిమిది నెలల తరువాత నా అంచనా

మందులు వేసుకోవలసిన వేళను గుర్తుచేసే చిన్న యాప్‌ను అమ్మ కోసం స్వయంగా తయారు చేయాలన్న కోరికతో, ప్రోగ్రామింగ్‌లో చదువుకునే రోజుల నాటి కొద్దిపాటి పరిచయం తప్ప మరే అనుభవమూ లేని నేను, ఎనిమిది నెలల పాటు ఉచిత వీడియో పాఠాలనే ఆధారంగా చేసుకుని ఆండ్రాయిడ్ యాప్‌ల తయారీ నేర్చుకున్నాను. యాప్ తయారైంది. అమ్మ ఫోన్‌లో అది రోజుకు మూడుసార్లు మోగుతోంది. అయితే అందులో పాఠాలు నేర్పినది ఎంత, అవి నేర్పకపోవడం వల్ల నేను వేరేచోట వెతుక్కున్నది ఎంత అన్నది విడమరచి చెబితే, ఇదే పనికి పూనుకోబోయేవారికి కొంత సమయం కలిసివస్తుందని ఈ సమీక్ష రాస్తున్నాను.

వీడియో పాఠానికి మరేదీ సాటిరాని చోటు ఒకటుంది. యాప్‌లు రాసే సాఫ్ట్‌వేర్ అయిన ఆండ్రాయిడ్ స్టూడియోను మొదటిసారి తెరిచినప్పుడు ఒకవైపు ఫైళ్ల చెట్టు, కింద కోడ్‌ను యాప్‌గా కూర్చే గ్రేడిల్ సందేశాలు, ఇంకొక పక్కన కంప్యూటర్‌లోనే ఫోన్‌ను అనుకరించే ఎమ్యులేటర్, ఎటు చూసినా పేరు తెలియని గుర్తులు కనిపించి, కోడ్ ఎక్కడ రాయాలో కూడా తోచదు. ఫలానా మెనూలో ఫలానాది ఎంచుకోమని చదివి వెతుక్కోవడం కన్నా, బోధకుడి మౌస్ ఎటు కదులుతున్నదో కళ్లారా చూస్తూ అలాగే చేయడం ఎంతో సులువు. ఫోన్ సెట్టింగులలో బిల్డ్ నంబరును ఏడుసార్లు తాకితే తప్ప, మనం రాసిన యాప్‌ను ఫోన్‌లో పరీక్షించడానికి కావలసిన డెవలపర్ ఆప్షన్లు బయటపడవన్న సంగతి ఎవరో చూపిస్తేనే తెలుస్తుంది కాని, ఊహకు అందేది కాదు. మొదటి రెండు వారాలలో నేను నిరుత్సాహపడి మానుకోకపోవడానికి కారణం ఈ పాఠాలే, అందుకు వాటిని తయారు చేసి ఉచితంగా అందించినవారికి మనసారా కృతజ్ఞుడిని.

ఇబ్బంది అంతా ఆ తరువాత మొదలైంది, దానికి మూలం వీడియో వయసు. ఆండ్రాయిడ్ రంగం ఆగకుండా మారుతూ వచ్చింది. కోట్లిన్ అనే ప్రోగ్రామింగ్ భాషకు గూగుల్ 2017లో అధికారిక మద్దతు ప్రకటించి, 2019లో దానికే మొదటి ప్రాధాన్యమని చెప్పింది. యాప్ తెరలను ఎక్స్‌ఎంఎల్ అనే రూపంలోని విడి ఫైళ్లలో కాకుండా కోట్లిన్‌లోనే రాసే జెట్‌ప్యాక్ కంపోజ్ 2021 జులైలో తొలి స్థిర రూపంలో విడుదలైంది. కాని వెతికినప్పుడు పైన కనిపించే వీడియోలలో, ఏళ్ల తరబడి వీక్షకులను పోగు చేసుకున్న పాత పద్ధతి పాఠాలు, అంటే జావా భాష, ఎక్స్‌ఎంఎల్ పాఠాలు, నాకు ఎన్నో ఎదురయ్యాయి. అవి తప్పులు కావు, చెప్పిన కాలానికి సరైనవే. ఒకే కోడ్‌తో ఆండ్రాయిడ్‌కూ ఐఫోన్‌కూ యాప్‌లు రాసే ఫ్లటర్ నేర్చుకునేవారికీ ఇదే చిక్కు ఉన్నది. 2021లో ఫ్లటర్ వాడే డార్ట్ భాషకు, విలువ లేని చోట్లను ముందే పట్టుకునే నల్ సేఫ్టీ వచ్చిన తరువాత, అంతకుముందు పాఠాలలోని కోడ్ చాలావరకు ఎర్ర గీతలతో నిండిపోతుంది. రైజ్డ్‌బటన్ అని, ఫ్లటర్ తరువాత తీసేసిన ఒక బటన్ పేరును బోధకుడు రాస్తుంటే, అలాంటిదేదీ లేదని మన కంప్యూటర్ చెబుతుంది.

నా అలారం కథ ఈ విషయాన్ని మరింత స్పష్టంగా చూపుతుంది. 2016 నాటి ఒక పాఠాన్ని అక్షరం పొల్లుపోకుండా అనుసరించి అలారం కోడ్ రాశాను. వీడియోలో అది చక్కగా మోగింది. అమ్మ ఫోన్‌లో మాత్రం సమయం ఎంచుకుని సరే నొక్కగానే యాప్ మూసుకుపోయింది. ఖచ్చితమైన సమయానికి మోగే అలారం పెట్టాలంటే ఆండ్రాయిడ్ 12 నుంచి ప్రత్యేక అనుమతి కావాలని అప్పుడు తెలిసింది. దానిని సరిచేశాక అలారం నడిచింది కాని నోటిఫికేషన్ కనిపించలేదు, ఎందుకంటే 2017లో వచ్చిన ఆండ్రాయిడ్ 8 నుంచి ప్రతి నోటిఫికేషనూ ఛానల్ అనే ఒక వర్గానికి చెంది ఉండాలి. ఛానల్ కల్పించాక కూడా కనిపించలేదు, ఎందుకంటే ఆండ్రాయిడ్ 13 నుంచి నోటిఫికేషన్లు చూపడానికే వాడుకరిని అనుమతి అడగాలి. అన్నీ కుదిరి వారం గడిచాక, ఫోన్ ఆపి మళ్లీ ఆన్ చేసిన రోజున అలారం అసలు మోగలేదు. ఫోన్ రీస్టార్ట్ అయితే పెట్టిన అలారాలన్నీ చెరిగిపోతాయి కనుక, ఆన్ అయిన వెంటనే వాటిని తిరిగి పెట్టే కోడ్ మనమే రాయాలి. ఈ చివరి నియమం కొత్తది కాదు, ఆ వీడియో నాటికే ఉన్నది, అయినా బోధకుడు దానిని ప్రస్తావించలేదు. తక్కిన లోపాలను కాలం మీద వేయవచ్చు, దీనిని వేయలేము. ఆ రోజు అమ్మ రక్తపోటు మాత్ర వేసుకోవడం మరచిపోయింది. యాప్ ఆగిపోతే దాని వెనుక ఒక మనిషి ఉంటుందన్న సంగతి పాఠం చెప్పేవారికీ, నేర్చుకునేవారికీ గుర్తుండాలని నేను గట్టిగా నమ్ముతున్నాను.

రెండవ లోపం ఇంకా లోతైనది. చాలా వీడియోలలో బోధకుడు ముందే రాసి సరిచూసుకున్న కోడ్‌ను మన ఎదుట మళ్లీ టైపు చేస్తాడు, అందువల్ల అది మొదటిసారే నడుస్తుంది. చూసేవారికి అర్థమైనట్టే ఉంటుంది కాని, ఖాళీ ప్రాజెక్టు ముందు కూర్చుంటే చేయి కదలదు. నాకు అన్నిటికన్నా ఎక్కువ నేర్పినది, తన తప్పును కత్తిరించకుండా వదిలేసిన ఒక పాఠం. ఫోన్‌ను అడ్డంగా తిప్పగానే అప్పటిదాకా టైపు చేసినదంతా మాయమైతే, ఆ బోధకుడు యాప్ నడిచేటప్పుడు వచ్చే సందేశాలను చూపే లాగ్‌క్యాట్ తెరిచి, ఎర్రని వరుసలను ఓపికగా చదివి, తెర తిరిగినప్పుడు యాక్టివిటీ, అంటే ఆ తెరను నడిపే భాగం, నశించి కొత్తది పుడుతుందని, నిలిచి ఉండవలసిన వివరాలను దానితో పాటు నశించని వ్యూమోడల్ అనే భాగంలో దాచాలని వివరించాడు. ఎర్రర్ వచ్చినప్పుడు పైనున్న మొదటి వరుసతో ఆగకుండా, కిందికి వెళ్లి కాజ్డ్ బై (దీనివల్ల కలిగింది) అన్న చోట అసలు కారణాన్ని చూడాలని నేను నేర్చుకున్నదీ అక్కడే. ఆ నలభై నిమిషాలు మిగిలిన గంటలన్నిటికీ విలువ తెచ్చాయి.

ఐఫోన్ వైపు వెళ్లదలచినవారికి స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఉచితంగా అందించిన సీఎస్193పీ తరగతుల వీడియోలు ఉన్నాయి. పాల్ హెగార్టీ బోధించిన ఆ ఉపన్యాసాలను కొన్ని చూశాను. ఏ బటన్ ఎక్కడ పెట్టాలన్నదానితో ఆగకుండా, చూపించే తెరనూ దాని వెనుక ఉండే వివరాలనూ ఎందుకు వేరుగా ఉంచాలో చెప్పే ఆ తీరు ఆండ్రాయిడ్ నేర్చుకునేవారికి కూడా మేలు చేస్తుంది. పాఠంతో పాటు ఇంటిపని ఉండటం వాటి అసలు బలం. పాఠం ఉచితమే అయినా, ఐఫోన్ యాప్‌లు రాసే సాఫ్ట్‌వేర్ ఎక్స్‌కోడ్ నడవడానికి మ్యాక్ కంప్యూటర్ తప్పనిసరి అన్నది మాత్రం ముందే తెలుసుకోవాలి.

ఆండ్రాయిడ్‌కు వస్తే, గూగుల్ తానే ఉచితంగా ఉంచిన ఆండ్రాయిడ్ బేసిక్స్ విత్ కంపోజ్ అనే పాఠ్యక్రమాన్ని వెన్నెముకగా పెట్టుకుని, అర్థం కాని చోట మాత్రమే వీడియోలు చూడటం నేను ఇప్పుడు అనుసరిస్తున్న పద్ధతి. ఏ వీడియోనైనా తెరవడానికి ముందు విడుదలైన తేదీ చూస్తాను, 2021కి ముందుదైతే భావం కోసం వింటాను తప్ప కోడ్ ఎక్కించుకోను. చూసిన ప్రతి పాఠాన్నీ మరునాడు వీడియో మూసేసి, ఏదో ఒక మార్పుతో సొంతంగా రాస్తాను. ఈ అలవాటు మొదటి నెలలోనే చేసుకుని ఉంటే మూడు నెలలు మిగిలేవి.

ప్లే స్టోర్‌లో ప్రచురించడం గురించి నేను చూసిన పాఠాలు అయిదు నిమిషాలలో ముగించాయి, అది నిజంగా సరిపోదు. కొత్త యాప్‌లను 2021 ఆగస్టు నుంచి నేరుగా ఫోన్‌లో ఎక్కే ఏపీకే ఫైలు రూపంలో కాక, ఒక్కో ఫోన్‌కు తగిన ఫైలును ప్లే స్టోరే తయారు చేసుకునే యాప్ బండిల్‌గానే సమర్పించాలి. 2023 నవంబరు 13 తరువాత తెరిచిన వ్యక్తిగత ఖాతాలవారు యాప్‌ను అందరికీ విడుదల చేయడానికి ముందు పరీక్షకులతో వరుసగా 14 రోజులు వాడించి చూపాలి. మొదట 20 మంది కావాలన్న నియమాన్ని 2024 డిసెంబరులో 12కు తగ్గించారు. నాకు ఇప్పటికి తొమ్మిదిమంది దొరికారు, వారిలో అయిదుగురు అమ్మలాగే రోజూ మందులు వేసుకునే పెద్దవారు, మిగిలిన ముగ్గురి కోసం అడుగుతున్నాను.