నాంపెన్‌లోని తువోల్ స్లెంగ్ మ్యూజియం: నల్లగొండ నుంచి వెళ్లిన ఒక సందర్శకుడి సమీక్ష

ఆంకోర్ వాట్ చూడటానికి వియత్నాం, కంబోడియా కలిపిన ప్యాకేజీ యాత్రల్లో వెళ్లే మనవాళ్లు ఈమధ్య బాగా పెరిగారు. నల్లగొండ నుంచి కూడా రిటైరైన ఉపాధ్యాయులు, బ్యాంకు ఉద్యోగులు జట్లుగా బయలుదేరుతున్నారు. ఆ యాత్రలో కంబోడియా రాజధాని నాంపెన్‌కు దక్కేది సాధారణంగా ఒక పూట. ఆ పూటలో రాజప్రాసాదం, మార్కెట్టు చూపించి, తువోల్ స్లెంగ్ మారణహోమ మ్యూజియాన్ని ఇష్టమున్నవాళ్లు చూడండని వదిలేస్తారు. నా లెక్కలో ఆ నగరంలో తప్పకుండా చూడవలసినది అదొక్కటే. అయితే అక్కడి జ్ఞాపకాన్ని ఎవరు, ఎప్పుడు, ఎందుకు అలా పేర్చిపెట్టారో తెలుసుకొని చూస్తేనే ఆ చోటు పూర్తిగా అర్థమవుతుంది.

ఇది నగరం మధ్యలో ఉన్న ఒక పాత హైస్కూలు. 1975 ఏప్రిల్ 17న పోల్ పాట్ నాయకత్వంలోని కమ్యూనిస్టు పార్టీ ఖ్మేర్ రూజ్ సేనలు నాంపెన్‌ను పట్టుకొని జనాన్నంతా పల్లెలకు తరిమేశాక, ఖాళీ అయిన ఈ బడిని ఎస్-21 అనే రహస్య జైలుగా మార్చారు. 1979 జనవరి 7న వియత్నాం సైన్యం నగరంలోకి ప్రవేశించేలోగా ఇక్కడికి తెచ్చిన ఖైదీల సంఖ్య గురించి 14,000 నుంచి 18,000 దాకా అంచనాలున్నాయి. బతికి బయటపడినవారు డజను మందికి అటూ ఇటూ. పోల్ పాట్ పాలనలో దేశం మొత్తం మీద ఆకలి, రోగం, వెట్టిచాకిరి, హత్యల వల్ల పోయినవారు సుమారు 17 లక్షల మంది.

మొదటి భవనంలో గదులు దాదాపు ఖాళీగా ఉంటాయి. గళ్ల పలకల నేల, దాని మధ్యలో పరుపు లేని ఒక ఇనుప మంచం, మంచం మీద కాలికి వేసే ఇనుప కడ్డీ, మలమూత్రాలకు వాడించిన తూటాల పెట్టె. గోడ మీద ఒకే ఒక ఫోటో, అదే గదిలో అదే మంచం మీద 1979 జనవరిలో దొరికిన శవానిది. వివరణ రాయలేదని కాదు, అది చదవవలసిన అవసరం రాదు. ఫోటోలోని నేలా మనం నిలబడిన నేలా ఒకటేనని తెలిసిన క్షణంలోనే మాట పడిపోతుంది. అలా దొరికిన 14 మందినీ ఆవరణలోనే పాతిపెట్టారు. ప్రదర్శనశాల ఎంత తక్కువ చెప్పి ఎంత ఎక్కువ చూపించగలదో నేర్చుకోవాలనుకునేవారికి ఈ గదులు చాలు.

రెండో భవనంలోని ఫోటోల దగ్గరే నాకు మెప్పూ పేచీ రెండూ మొదలయ్యాయి. ఖైదీని తేగానే తీసిన ముఖచిత్రాలు గోడల నిండా వరుసగా ఉన్నాయి: పసిబిడ్డను ఎత్తుకున్న తల్లి, జుట్టు చెదరని ఆడపిల్ల, చొక్కా లేని ఒంటి మీదే నంబరు చీటీని పిన్నుతో గుచ్చిన ఒక కుర్రవాడు. ఇవన్నీ జైలువాళ్లు తమ దస్త్రాల కోసం తీసుకున్న ఫోటోలు. అంటే చనిపోయినవారిని మనం చంపినవారి కెమెరాలోంచే చూస్తున్నాం. పైగా ఎక్కువ ఫోటోల కింద పేరు లేదు. అన్నిటినీ మించిన సంగతి మరొకటి ఉంది. ఇక్కడికి తెచ్చినవారిలో అత్యధికులు ఖ్మేర్ రూజ్ పార్టీవాళ్లే, సైనికులే. తమలో ద్రోహులున్నారన్న అనుమానంతో నాయకత్వం ఒకరి వెనుక ఒకరిని మింగింది. సమాచార మంత్రిగా పనిచేసిన హు నిమ్ కూడా 1977లో ఇక్కడే అంతమయ్యాడు. ఈ జైలులో కాపలా కాసినవారు కొందరు చివరికి ఇదే గోడకెక్కారు. నిన్నటి హంతకుడు, ఏమీ ఎరుగని గ్రామస్థుడు పక్కపక్కన ఒకే సైజు ఫోటోలో, ఒకే జాలి చూపు కింద నిలబడితే సందర్శకుడికి కన్నీళ్లు వస్తాయి కానీ చరిత్ర అందదు. వాళ్లకు జాలి చూపవద్దని నేననను. తేడా చెప్పి జాలిపడమనాలి.

ఈ కలగాపులగం ఊరికే జరగలేదు. మ్యూజియాన్ని రూపొందించినది మై లామ్ అనే వియత్నాం కల్నల్. అమెరికా యుద్ధ నేరాల మీద సైగాన్‌లో పెట్టిన మ్యూజియం వెనుక ఉన్నదీ ఆయనే. 1979లో వియత్నాం నిలబెట్టిన ప్రభుత్వాన్ని ప్రపంచంలో చాలా దేశాలు గుర్తించలేదు. చైనా, అమెరికాల అండతో ఐక్యరాజ్యసమితిలో కంబోడియా కుర్చీ ఖ్మేర్ రూజ్ పక్షానిదే అయింది. కొత్త ప్రభుత్వాన్ని గుర్తించిన కొద్ది దేశాల్లో మన దేశం ఒకటి, అది 1980లో. అటువంటి సమయంలో ఈ భవనం ఒక సాక్ష్యంగా, తమ రాకకు సమర్థనగా వియత్నాంవాళ్లకు అవసరమైంది. నేరమంతా ‘పోల్ పాట్, ఇయెంగ్ సారీ ముఠా’ది (సారీ ఖ్మేర్ రూజ్ విదేశాంగ మంత్రి) అని చెప్పడం వల్ల ఆ ముఠాను వదిలి కొత్త ప్రభుత్వంలో చేరిన మాజీ ఖ్మేర్ రూజ్ నాయకులకు ఇబ్బంది ఉండదు. నిజమైన పుర్రెలతో గోడ మీద పేర్చిన కంబోడియా పటం 2002 దాకా ఇక్కడే ఉండేది. దాన్ని తీసేయడం మంచి పని.

అన్నట్టు, జాతినిర్మూలన అన్న నేరాన్ని అంతర్జాతీయ సహకారంతో నడిచిన న్యాయస్థానం 2018లో నిర్ధారించింది వియత్నామీయులు, చామ్ ముస్లింల హత్యల విషయంలోనే. పేరులోనే మారణహోమం ఉన్న ఈ మ్యూజియంలో ఆ రెండు వర్గాల కథకు దక్కిన చోటు నాకు చాలా తక్కువగా కనిపించింది.

నల్లగొండవాడిగా ఇది చూస్తూ మన స్తూపాల గురించి ఆలోచించకుండా ఉండలేకపోయాను. మన దగ్గర జరిగినదాన్ని అక్కడ జరిగినదానితో పోల్చడం తప్పు, గుర్తుపెట్టుకునే తీరును మాత్రం పోల్చవచ్చు. చిట్యాల మండలం గుండ్రాంపల్లిలో రజాకార్లు చంపినవారి కోసం స్తూపం ఉంది. సాయుధ పోరాటంలో 1951 దాకా పోయిన దళ సభ్యుల కోసం ఊరూరా ఎర్ర స్తూపాలున్నాయి. వాటి మీద కనీసం పేర్లుంటాయి, ఆ మేరకు మనవాళ్లే మెరుగు. కానీ 1948 సెప్టెంబరులో పోలీసు చర్య తరువాత హైదరాబాద్ రాష్ట్రంలో ముస్లింల మీద జరిగిన హింసలో 27,000 నుంచి 40,000 మంది చనిపోయారని కేంద్ర ప్రభుత్వం పంపిన సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. వాళ్ల పేర్లతో ఒక్క రాయిని కూడా నేను ఇంతవరకు ఎక్కడా చూడలేదు. స్తూపం కట్టగలిగిన వాడి దుఃఖమే ఊరి దుఃఖం కావడం ఒక్క నాంపెన్‌లోనే జరగలేదన్నమాట.

సౌకర్యాల విషయానికి వస్తే ఫిర్యాదు లేదు. టికెట్టుతోపాటు ఆడియో పరికరాన్ని తప్పక తీసుకోండి, దానికి విడిగా డబ్బు కట్టాలి. నేను ఇంగ్లీషులో విన్నాను. తొందరపెట్టని గొంతు, నాటకీయత లేని మాట. వరండాల్లోని ముళ్లకంచె ఖైదీలు దూకి చావకుండా కట్టినదని చెప్పి ఆగిపోతుంది, అంతకు మించి ఒక్క విశేషణం వాడదు. బతికి బయటపడిన వాన్ నాథ్ అనే చిత్రకారుడు వేసిన చిత్రహింసల బొమ్మల దగ్గర మాత్రం ఆడియో ఆపేసి కాసేపు చూడటం మంచిది. ఖైదీల పేర్లు చెక్కిన నల్లరాతి పలకల స్మారకాన్ని ఆవరణలో 2015లో కట్టారు. గోడల మీది ఫోటోలకు లేని పేర్లు కొంతవరకైనా అక్కడ దొరుకుతాయి. చాలామంది దాన్ని దాటి గేటు వైపు వెళ్లిపోతున్నారు.

పదో తరగతి లోపు పిల్లలను తీసుకెళ్లవద్దు. నగరానికి సుమారు 15 కిలోమీటర్ల దూరంలో, ఈ ఖైదీలను చంపి పాతిపెట్టిన చ్యూంగ్ ఎక్‌కు అదే రోజు వెళ్లేట్టయితే ముందు ఇది చూసి తరువాతే అక్కడికి వెళ్లండి. జట్టుతో వెళ్తున్నవాళ్లు యాత్ర నడిపేవారితో బయలుదేరకముందే మాట్లాడుకొని, ఇక్కడికి గంట కాకుండా కనీసం మూడు గంటలు రాయించుకోవాలి.