వర్డిల్ జవాబు టెర్మినల్‌లో: కర్ల్‌తో తెచ్చుకోవాలా, గ్రెప్‌తో వడకట్టాలా?

వర్డిల్ అంటే రోజుకొక ఐదక్షరాల ఇంగ్లీషు పదాన్ని ఊహించే ఆట. దాని జవాబును టెర్మినల్లో, అంటే కమాండ్లు టైపు చేసే కిటికీలో, రెండు రకాలుగా పట్టొచ్చు.

కర్ల్, జేక్యూ: ఒక్క లైను పని. ఆట సైటు నుంచి ఆ రోజు తేదీతో ఉన్న జేసన్ ఫైలును (పేరు, విలువ జతలుగా రాసిన డేటా) కర్ల్ అనే కమాండు తెస్తుంది, అందులోంచి సొల్యూషన్ ఫీల్డును, అంటే జవాబును, జేక్యూ అనే కమాండు తీస్తుంది. జేక్యూకి మైనస్ ఆర్ (-r) పెట్టకపోతే జవాబు చుట్టూ కొటేషన్ గుర్తులొస్తాయి. మెషీన్ గడియారం యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఉంటే వేరే రోజు పదం రావచ్చు. ఆ ఫైలు అడ్రసు మారితే ఏమీ రాదు.

గ్రెప్: ఇచ్చిన నమూనాకు సరిపోయే లైన్లను ఫైల్లో వెతికే కమాండు ఇది. నెట్ అక్కర్లేదు, పదాల ఫైలు చాలు. తెలిసిన అక్షరం దాని చోట, మిగతా చోట్ల చుక్కలు (ఏ అక్షరమైనా సరే అని). ముందు క్యారెట్ (^), చివర డాలర్ ($) లేకపోతే పొడవాటి పదాలూ దూరతాయి. జవాబులో లేవని ఆట బూడిదరంగులో చూపిన అక్షరాలున్న పదాలను మైనస్ వీతో (-v) తీసేయాలి. అసలు చిక్కు ఇక్కడే: ఒకే అక్షరాన్ని రెండుసార్లు వాడితే ఒకటి ఆకుపచ్చగా (సరైన చోట ఉందని), ఇంకోటి బూడిదగా వచ్చిందనుకోండి, మైనస్ వీ సరైన జవాబునే ఎగరగొడుతుంది.

జేసన్‌తో చేయి తిరగాలంటే మొదటిది. ఆట ఆడుతూనే కాస్త సాయం కావాలంటే గ్రెప్పే మేలు, చివరి ఊహ మీదే.