అల్కాజీ పాఠశాల: ఒక జీవితచరిత్రపై సమీక్ష

ఇబ్రహీం అల్కాజీ 1962 నుంచి 1977 వరకు ఢిల్లీలోని జాతీయ నాటక విద్యాలయానికి డైరెక్టరుగా ఉన్నారు. నసీరుద్దీన్ షా, ఓం పురి, సురేఖా సిక్రీ, మన తెలుగు ప్రేక్షకులకూ చిరపరిచితురాలైన రోహిణీ హట్టంగడి ఆ కాలంలో అక్కడ చదువుకున్నవారే. ఆయన కుమార్తె, స్వయంగా దర్శకురాలు అయిన అమల్ అల్లానా ఆంగ్లంలో రాసిన ఆయన జీవితచరిత్ర ‘ఇబ్రహీం అల్కాజీ: హోల్డింగ్ టైమ్ కాప్టివ్’ను 2024లో పెంగ్విన్ సంస్థ ప్రచురించింది. నాటకం నేర్పేవారు దీన్ని తప్పక చదవాలని నా గట్టి అభిప్రాయం.

1925లో పూణేలో అరబ్బు వర్తక కుటుంబంలో పుట్టిన అల్కాజీ, బొంబాయిలో సుల్తాన్ పదమ్‌సీ నడిపిన థియేటర్ గ్రూపులో ఓనమాలు దిద్దుకుని, లండన్‌లోని రాయల్ అకాడమీ ఆఫ్ డ్రమాటిక్ ఆర్ట్‌లో శిక్షణ పొంది వచ్చి, 1954లో థియేటర్ యూనిట్ అనే నాటక బృందాన్ని నెలకొల్పారు. సరైన ప్రదర్శనశాల దొరకని రోజుల్లో తాను నివసించే భవనం డాబామీదనే ‘మేఘదూత్’ అనే రంగస్థలాన్ని కట్టుకున్న మనిషి ఆయన.

నాకు అన్నిటికన్నా విలువైనవిగా తోచినవి ఢిల్లీ సంవత్సరాలు. 1963లో ధర్మవీర్ భారతి హిందీ నాటకం ‘అంధా యుగ్’ను ఫిరోజ్ షా కోట్లా శిథిలాల మధ్య ప్రదర్శించడం, ఆ తరువాత గిరీశ్ కర్నాడ్ ‘తుగ్లక్’ను మనోహర్ సింగ్ ప్రధాన పాత్రధారిగా పురానా ఖిలాలో ఆడించడం అందరికీ తెలిసిన ఘట్టాలే. అయితే అంతటి ఆరుబయట గొంతు ఎలా నిలుపుకోవాలి, రాతిగోడల ముందు చిన్నదైపోయే మానవదేహం ప్రేక్షకుడి దృష్టిని ఎలా పట్టి ఉంచాలి అన్న ప్రశ్నలు విద్యార్థికి తరగతి గదిలో ఎదురుకావు గనుక, ఆ ప్రదర్శనలను నేను ప్రధానంగా పాఠాలుగానే చూస్తాను. రంగాలంకరణ, వెలుగు, దుస్తులు, చిత్రకళ తెలియని నటుడి చదువు అసంపూర్ణమని ఆయన భావించారు. విద్యాలయంలో మరుగుదొడ్లను స్వయంగా శుభ్రంచేసి క్రమశిక్షణ అంటే ఏమిటో చూపించిన సంగతిని శిష్యులు ఈనాటికీ చెప్పుకుంటారు. ఏకపాత్రల మీద, పద్యం మీద, పేరున్న నటుడి మీద ఎక్కువగా ఆధారపడిన మన నాటక సంప్రదాయానికి ఈ సమగ్ర శిక్షణ ఎంతో అవసరం.

ఈ పుస్తకంలో ఒక లోటు చెప్పాలి. అల్కాజీ శిక్షణ పాశ్చాత్య నమూనాలవైపు మొగ్గిందనీ, హిందీ ప్రధానమైన ఆ విద్యాలయంలో ఇతర భాషల విద్యార్థులు తమ మాటకు దూరమయ్యారనీ ఉన్న విమర్శను మరింత లోతుగా తర్కించి ఉండవలసిందని నాకు అనిపించింది. కూతురి కలం నుంచి అంత నిష్ఠురత్వం ఆశించడం న్యాయమా అన్న సందేహం లేకపోలేదు. కానీ ఆ విమర్శకు బలమైన సమాధానం శిష్యుల దగ్గరే ఉంది: రతన్ థియామ్ ఇంఫాల్‌కు తిరిగివెళ్లి 1976లో కోరస్ రెపర్టరీ థియేటర్‌ను స్థాపించి మణిపురీ కళారూపాలతో నాటకం కట్టారు, నీలం మాన్‌సింగ్ చౌధరి చండీగఢ్‌లో పంజాబీ నాటకాన్ని తన రంగంగా ఎంచుకున్నారు.

భార్య రోషన్ అల్కాజీ ఆ నాటకాలకు చేసిన దుస్తుల రూపకల్పన కూడా పరిశోధనతో కూడిన పనే. ప్రాచీన భారతీయ వస్త్రధారణపై ఆమె ప్రత్యేకంగా గ్రంథమే రాశారు.

హైదరాబాదు, విశాఖపట్నం విశ్వవిద్యాలయాల్లో రంగస్థల కళలు చదువుతున్నవారికోసం కనీసం ఢిల్లీ కాలానికి సంబంధించిన అధ్యాయాలనైనా ఎవరైనా తెలుగులోకి తీసుకురావాలని మనసారా కోరుకుంటున్నాను.