నెబ్యులైజర్ అటకెక్కింది, స్పేసర్ మిగిలింది

మా బాబుకి జలుబు చేస్తే చాలు, మర్నాటికల్లా పిల్లికూతలు మొదలవుతాయి. ఏడాది దాటినప్పటి నుంచీ ఇదే వరస, ఇప్పుడు వాడికి నాలుగో ఏడు. డాక్టరు గారు ఆయాసం వచ్చినప్పుడు ఇమ్మని రాసే మందు ఒక్కటే, ఊపిరి గొట్టాలను వదులుచేసే సాల్బ్యూటమాల్. అది ఇవ్వడానికి ఇంట్లో మొదట మందు నీళ్ళను సన్నటి తుంపరగా మార్చే నెబ్యులైజర్ మెషీన్, ఆ తర్వాత మాస్కున్న స్పేసర్ వాడాం. రెండిట్లో ఏది కొనాలని అడిగితే నేను స్పేసరే అంటాను. అయితే కొన్ని షరతులున్నాయి.

ముందు నెబ్యులైజర్ సంగతి. మా అత్తయ్యగారికి అదంటే గొప్ప గురి. మెషీన్ గుర్రుమంటుంది, మాస్కులోంచి తెల్లగా పొగ వస్తుంది, మందు పోతున్నట్టు కంటికి కనిపిస్తుంది. వాడికేమో ఆ మోత వింటేనే ఏడుపు. ఒక్కో విడతకి పది నిమిషాలు వాణ్ణి ఒళ్ళో అదిమి పట్టుకోవాలి. ఏడుస్తున్నాడు కదా అని మాస్కు కాస్త దూరంగా పట్టుకుంటే మందు చాలావరకు గాల్లోకే పోతుంది. గుక్కపెట్టి ఏడ్చే పిల్లలకి మాస్కు దగ్గరగా పెట్టినా ఊపిరితిత్తుల దాకా చేరేది తక్కువే. పైగా కరెంటు పోతే అంతే సంగతులు. వాడిన ప్రతిసారీ కప్పు కడిగి పూర్తిగా ఆరబెట్టాలి, లేకపోతే ఆ తడిలో సూక్ష్మజీవులు చేరతాయి.

స్పేసర్ అంటే ఒక ప్లాస్టిక్ గొట్టం. ఒక చివర ఇన్హేలర్ దూర్చే రంధ్రం, రెండో చివర మాస్కు, మధ్యలో పల్చటి వాల్వు. మోత లేదు, కరెంటుతో పని లేదు, హ్యాండ్‌బ్యాగులో పడుతుంది. నేను ఐదారు వందలకి కొన్నాను. ఇన్హేలర్ బాగా ఊపి, మాస్కు ముక్కూ నోరూ కప్పేలా సందు లేకుండా ఆనించి, ఒక్కసారి నొక్కి, వాడు ఐదారు ఊపిర్లు తీసేదాకా అలాగే ఉంచాలి. వాల్వు కదలడం కనిపిస్తుంది కాబట్టి లెక్కపెట్టడం తేలిక. రెండో పఫ్ కావాలంటే మళ్ళీ ఊపి, మళ్ళీ మొదటినుంచి. రెండు పఫ్‌లూ ఒకేసారి కొట్టేస్తే టైము కలిసొస్తుందేమో గానీ లోపలికి వెళ్ళే మందు తగ్గుతుంది.

మా అత్తయ్యగారు దీన్ని చాలాకాలం నమ్మలేదు. "పొగే రాట్లేదు, దీంతో ఏం తగ్గుతుంది?" అనేవారు. కానీ మామూలు ఆయాసానికి స్పేసర్ నెబ్యులైజర్‌కి ఏమాత్రం తీసిపోదనీ, గుండె దడ కూడా తక్కువేననీ పిల్లల మీద జరిగిన పరిశోధనల్లో తేలింది. మా ఇంట్లోనూ అదే చూశాం. నెబ్యులైజర్ పెట్టిన రాత్రి వాడు దడదడలాడుతూ నిద్రపోయేవాడు కాదు. స్పేసర్‌తో ఆ గొడవ బాగా తగ్గింది.

లోపాలు లేవని కాదు. మొదట కొన్న దాని వాల్వు కొన్నాళ్ళకే బిగుసుకుపోయింది, మార్చమంటే షాపువాడు ఒప్పుకోలేదు. పిల్లాడి ముఖం పెరిగేకొద్దీ మాస్కు సైజు మార్చాలి, అది విడిగా అన్ని షాపుల్లో దొరకదు. కడగడం కూడా తెలిసి చేయాలి. గోరువెచ్చటి నీళ్ళలో గిన్నెల సబ్బు చుక్క వేసి ముంచి, తుడవకుండా గాలికి ఆరబెట్టాలి. బట్టతో రుద్దితే ప్లాస్టిక్‌కి స్టాటిక్ కరెంటు పట్టి మందు గోడలకే అంటుకుపోతుంది. అన్నిటికంటే నాకు టెన్షన్ ఇన్హేలర్‌తోనే. మేము వాడేదాంట్లో 200 డోసులు, ఎన్ని మిగిలాయో చూపే కౌంటర్ లేదు. మందు అయిపోయాక కూడా ఉత్త గ్యాసు తుస్సుమంటూనే ఉంటుంది, ఊపి చూస్తే తెలియదు. అందుకే డబ్బా మీద గీతలు గీసుకుంటున్నాను. ఆయాసం రాకుండా రోజూ వాడే బుడెసోనైడ్ ఇన్హేలర్ కూడా దీంతోనే ఇస్తాం. అది స్టెరాయిడ్ కాబట్టి ఇచ్చాక నోరు పుక్కిలించి ముఖం కడగాలి.

ఇది చదివి పక్కింటి పసిపాపకి దగ్గొస్తోందని మీ స్పేసర్ ఇచ్చేయకండి. మావాడికి ఆరు నెలలప్పుడు మొదటిసారి వచ్చింది బ్రాంకియోలైటిస్, అంటే ఊపిరితిత్తుల్లోని సన్న గొట్టాలు వాయడం, ఎక్కువగా ఆర్‌ఎస్‌వీ అనే వైరస్ వల్ల వచ్చేది. దానికి సాల్బ్యూటమాల్ పెద్దగా పనిచేయదని చెప్పి డాక్టరు గారు రాయనేలేదు. ముక్కులో సెలైన్ చుక్కలు, కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు పాలు, జాగ్రత్తగా కనిపెట్టి ఉండడం, అంతే.

ఆ కనిపెట్టడం ఎలాగో ఆయన అప్పుడే నేర్పారు. పిల్లవాడు నిమ్మళంగా ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి, గడియారం పెట్టుకుని నిమిషం పాటు ఊపిర్లు లెక్కపెట్టాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో రెండు నెలల లోపు పిల్లలకి 60, ఏడాది లోపు 50, ఐదేళ్ళ లోపు 40, లేదా అంతకు మించితే ఊపిరి వేగం ఎక్కువగా ఉన్నట్టు, వెంటనే చూపించాలి. డొక్కలెగరేస్తున్నా, పాలు తాగలేకపోతున్నా, పెదాలు నీలంగా మారినా, మత్తుగా పడి ఉన్నా లెక్కలు పక్కన పెట్టి ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే. స్పేసర్ చేతిలో ఉంది కదా అని ఆగే సమయం కాదు.

ఇంకో మాట, ఇంట్లో పొగ ఆపకుండా ఏ పరికరం కొన్నా దండగే. తలంటు పోశాక సాంబ్రాణి పొగ, రాత్రంతా దోమల చక్రం, రెండూ మానేశాం. సాంబ్రాణి మాన్పించడానికి ఇంట్లో జరిగిన చర్చ ఇక్కడ రాయలేను.

నాలుగో ఏడు వచ్చింది కాబట్టి మాస్కు తీసేసి గొట్టాన్ని నేరుగా పెదాల మధ్య పెట్టుకుని పీల్చడం అలవాటు చేయమన్నారు. ప్రస్తుతానికి దాన్ని ఈలలా ఊదుతున్నాడే తప్ప పీల్చడం లేదు. అందాకా మాస్కుతోనే.