రెండో తాబేలు తెచ్చుకుంటున్నారా? ముందు ఇలాంటి డాక్టర్‌కి చూపించండి

మేముండేది డాలస్ శివార్లలో. మా ఇంటికి 40 నిమిషాల దూరంలో పాములు, బల్లులు, తాబేళ్లు, చిలకల్లాంటి వాటిని మాత్రమే చూసే వెటర్నరీ క్లినిక్ ఒకటుంది. ఏడు నెలల్లో అక్కడికి నాలుగుసార్లు వెళ్లాం. వేరే ఊళ్లలో ఉన్నవాళ్లకి కూడా పనికొస్తుందని, క్లినిక్ పేరు కంటే అక్కడ ఏం చూశారో, ఏం చెప్పారో రాస్తున్నాను.

మా దగ్గర ఆరేళ్లుగా ఒక రష్యన్ టార్టాయిస్ ఉంది, పేరు బుజ్జాయి. నేల తాబేలు. తెలుగులో నేలదైనా నీటిదైనా తాబేలే కాబట్టి మా అమ్మ ఇప్పటికీ ఫోన్‌లో "తొట్టిలో నీళ్లు మార్చారా" అనే అడుగుతుంది. వాడు ఒక్కడే ఉన్నాడని మా పాప బాధపడుతుంటే ఒక షాపులో ఇంకో రష్యన్ తాబేలుని కొన్నాం, దాని పేరు చిట్టి. షాపతను ఇది ఆడది, తీసుకెళ్లి అదే పెట్టెలో వదిలేయండి, రెండు రోజుల్లో కలిసిపోతాయి అన్నాడు. నేను నమ్మేశాను కూడా. మా వారు ఆగమన్నారు కాబట్టి సరిపోయింది. ఆ రాత్రి చిట్టిని ప్లాస్టిక్ టబ్‌లో పెట్టి వేరే గదిలో ఉంచి, మర్నాడే అపాయింట్‌మెంట్ తీసుకున్నాం.

డాక్టర్ గారు లోపలికి రాగానే అడిగిన మొదటి మాట, "రెండూ ఇంకా ఎదురుపడలేదు కదా?" లేదన్నాక ఆవిడ మొహంలో కనిపించిన నిశ్చింత నాకింకా గుర్తుంది. చిట్టిని మెల్లగా పైకెత్తి తోక చూపించారు. మగవాటికి తోక పొడవుగా ఉండి పక్కకి మడిచి ఉంటుందట, ఆడవాటికి పొట్టిగా మొద్దులా ఉంటుందట. చిట్టి మగది! అంటే షాపతను చెప్పినట్టు చేసి ఉంటే రెండు మగ తాబేళ్లని ఒకే పెట్టెలో పెట్టేవాళ్లం.

తర్వాత తూకం వేశారు, ముక్కు, కళ్లు, నోరు చూశారు, మేము జిప్ కవర్‌లో తీసుకెళ్లిన పెంటని అక్కడే మైక్రోస్కోప్ కింద పెట్టి చూశారు. నులిపురుగులు. తాబేళ్లలో కొన్ని ఉండటం మామూలేగానీ దీనికి మరీ ఎక్కువగా ఉన్నాయని ఫెన్‌బెండజోల్ అనే నులిపురుగుల మందు ఇచ్చారు. నోట్లో స్వాబ్ తీసి హెర్పిస్ వైరస్‌కీ మైకోప్లాస్మా అనే బ్యాక్టీరియాకీ పీసీఆర్ టెస్ట్‌కి పంపారు. ఈ రెండిటి గురించీ ఆవిడ ఓపిగ్గా చెప్పిన విషయమే నన్ను భయపెట్టింది. హెర్పిస్ ఉన్న తాబేలు ఏళ్ల తరబడి చక్కగా తింటూ తిరుగుతూ ఉండొచ్చు, కొత్త చోటు, కొత్త తోడు అనే టెన్షన్ వచ్చినప్పుడు వైరస్ బయటపడి పక్కదానికి అంటుకుంటుంది. దాన్ని ఒంట్లోంచి పూర్తిగా పోగొట్టే మందు లేదు. ఒకసారి నెగెటివ్ వచ్చినా పూర్తి భరోసా కాదు. మైకోప్లాస్మా అయితే ముక్కు కారుతూ ఏళ్లపాటు వదలని జబ్బు. మొహావే ఎడారి తాబేళ్లని 1990లో ముప్పులో ఉన్న జాతిగా ప్రకటించడానికి ఉన్న కారణాల్లో ఈ జబ్బు కూడా ఒకటట.

అందుకే క్వారంటైన్. కనీసం మూడు నెలలు, వీలైతే ఆరు నెలలు అన్నారు, మేము ఆరు నెలలూ ఉంచాం. వేరే గది, వేరే నీళ్ల పళ్లెం, వేరే చిమ్టా, దేని లైటు దానికే. పొద్దున్న ముందు బుజ్జాయి పని చూసుకుని ఆ తర్వాతే చిట్టి దగ్గరికి వెళ్లాలి, తిరిగి వచ్చేటప్పుడు సబ్బుతో చేతులు కడుక్కోవాలి. సాల్మొనెల్లా భయం ఉంది కాబట్టి పిల్లలున్న ఇంట్లో చేతులు కడగడం ఎలాగూ తప్పదు.

ఆరు నెలలయ్యాక మళ్లీ టెస్టులు చేశారు, అంతా బాగుంది. రెండిటినీ కలపొచ్చా అని మేము మరీ అడిగితే ఒక్కసారి కలిపి చూడండి అని ఎలా చూడాలో చెప్పారు. బుజ్జాయి పెట్టెలో అస్సలు వద్దు, అది వాడి ఇలాకా. రెండిటికీ కొత్తదైన చోట, ఎండ ఉన్నప్పుడు, ఆకులు రెండు వేర్వేరు మూలల్లో పెట్టి, చేతిలో ఒక చెక్క పలక పట్టుకుని పదిహేను నిమిషాలు. పెరట్లో వదిలాం. బుజ్జాయి రెండు నిమిషాలు చూసి, తల లోపలికి లాక్కుని, పొట్టేలులా వెళ్లి చిట్టి డిప్పని ఢీకొట్టాడు. మళ్లీ కొట్టాడు. ముందు కాలు కొరకబోయేసరికి పలక అడ్డం పెట్టి తీసేశాం. పాప ఏడ్చింది.

వీడియో పంపితే మర్నాడు జవాబొచ్చింది. ఇక ఆపేయండి, వీటికి తోడు అక్కర్లేదు, అడవిలోనూ ఎక్కువగా విడివిడిగానే బతుకుతాయి అని. ఆడా మగా అయినా జంటగా పెడితే మగది వెంటపడి వెంటపడి ఆడదాన్ని తిననివ్వదట. ఒకటి ఇంకొకదాని మీదెక్కి పడుకుంటే మనం ప్రేమనుకుంటాం, చాలాసార్లు అది లైటు కింద వెచ్చని చోటుని ఆక్రమించుకోవడమేనట. ఒకటి ఎప్పుడూ మూలలో దాక్కున్నా, తూకం తగ్గుతున్నా రెండోది దాన్ని వేధిస్తోందని అర్థమట. పక్కపక్కన ఉంచాల్సి వస్తే మధ్యలో గాజు పలక అడ్డు పెట్టొద్దు, అవతలిది కనిపించి రోజంతా ఆ గాజుని గీకుతూ ఉంటాయని ప్లైవుడ్ పెట్టమన్నారు. ఇంకో రెండు టెస్టులు రాసి డబ్బులు తీసుకోవచ్చు, అలా చేయలేదు. ఆ నిజాయితీ నాకు చాలా నచ్చింది.

నచ్చనివి కూడా చెప్పాలి. స్వాబ్ టెస్ట్‌కి విడిగా ఛార్జి ఉంటుందని ముందు చెప్పలేదు, మొదటి బిల్లు 310 డాలర్లు చూసి కౌంటర్ దగ్గర కాసేపు నిలబడిపోయాను. అపాయింట్‌మెంట్ ఉన్నా ఒకసారి 50 నిమిషాలు కూర్చోబెట్టారు, తాబేలుని చల్లటి ఏసీ గదిలో అంతసేపు ఉంచడం నాకు నచ్చలేదు, అడిగాక హీట్ ప్యాడ్ ఇచ్చారు. శని, ఆదివారాలు తీయరు.

అయినా నా రేటింగ్ 5కి 4.5. వెళ్లేవాళ్లు ఆ రోజు పెంటే తీసుకెళ్లండి, మీ పెట్టె ఫొటో, యూవీబీ లైటు (ఎండలో ఉండే అతినీలలోహిత కిరణాలిచ్చే బల్బు) ఎప్పుడు మార్చారో ఆ తేదీ కూడా. మొదటి విజిట్‌లోనే అడుగుతారు. ఇండియాలో మనవాళ్లు నక్షత్ర తాబేలు తెచ్చుకోవచ్చా అని అడుగుతుంటారు, అది 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం, ఆ ఆలోచన వద్దు. మా ఇంట్లో ఇప్పుడు రెండు గదులు, రెండు లైట్లు, రెండు పళ్లేలు. చిట్టి తూకం వచ్చినప్పుడు 412 గ్రాములు, మొన్న 455.