స్కూల్ ఫీడ్‌బ్యాక్ ఫారం: ఏం రాస్తే కదులుతుంది, ఏం రాసినా కదలదు

ఇది చదువు ఎలా చెబుతారన్న దాని మీద సమీక్ష కాదు. హైదరాబాద్ నగరంలో మియాపూర్, కొండాపూర్ వైపున్న ఒక సీబీఎస్‌ఈ ప్రైవేటు స్కూల్ తల్లిదండ్రుల అభిప్రాయాలు తీసుకున్నాక వాటితో ఏం చేస్తుందన్న దాని మీద. పిల్లలు ప్రైమరీ నుంచి హైస్కూల్ దాకా అక్కడే చదివిన ఇంటి నుంచి రాస్తున్నాం. స్కూల్ పేరు అక్కర్లేదు, ఆ చుట్టుపక్కల చాలా బడుల్లో పద్ధతి ఇంచుమించు ఇదే. ముందే చెప్పేస్తే: మార్కులు వేసే భాగం దండగ. అడుగున రెండు ముక్కలు రాయమని ఇచ్చే ఖాళీ డబ్బా ఒక్కటే పనికొస్తుంది, అది కూడా రాయాల్సినట్టు రాస్తేనే.

ఏడాదికి రెండుసార్లు ఫారం వస్తుంది, జూలై నెలాఖరులో ఒకటి, జనవరిలో ఇంకొకటి. స్కూల్ యాప్‌లో లింకు నొక్కితే ముప్పై చిల్లర ప్రశ్నలు, ఒక్కోదానికి 1 నుంచి 5 దాకా మార్కులు. ఆఖర్న, ఈ స్కూల్‌ను మీ బంధుమిత్రులకు ఎంతవరకు సిఫారసు చేస్తారంటూ 0 నుంచి 10 దాకా ఒక గీత. పైన ‘మీ వివరాలు గోప్యం’ అని రాసి ఉంటుంది. కానీ అడ్మిషన్ నంబరుతో లాగిన్ అయితే తప్ప ఫారం తెరుచుకోదు. ఈ సంగతి తల్లిదండ్రులందరికీ తెలుసు. అందుకే క్లాస్ టీచర్ పేరున్న ప్రశ్నకు ఎవరూ 2 వేయరు, రేపు పిల్లాణ్ణి ఏమైనా అంటుందేమోనని భయం. ఉన్న కోపమంతా బస్సు మీదా క్యాంటీన్ మీదా పడుతుంది. ఫలితాల సర్క్యులర్‌లో ‘బోధన’ మెరిసిపోతూ, ‘రవాణా’ వెలవెలబోతూ కనిపించడానికి సగం కారణం ఇదే.

ఆ సిఫారసు ప్రశ్న లెక్క వేరు, దాన్ని తెలుసుకుని వేయడం మంచిది. 9, 10 వేసినవాళ్లు ఒక జట్టు, 0 నుంచి 6 దాకా వేసినవాళ్లు ఇంకో జట్టు. మొదటి జట్టు శాతంలోంచి రెండో జట్టు శాతం తీసేస్తే వచ్చేదే స్కోరు. 7, 8 వేసినవాళ్లు ఎటూ కలవరు. వంద మంది జవాబిచ్చారనుకుందాం. 40 మంది 9 లేదా 10, 35 మంది 7 లేదా 8, 25 మంది అంతకన్నా తక్కువ వేస్తే స్కోరు 15. సర్క్యులర్‌లో మాత్రం ఇదే ‘75 శాతం తల్లిదండ్రులు సంతృప్తి’ అని అచ్చవుతుంది. రెండూ అబద్ధాలు కావు. మనకేమో 75 దాటితే డిస్టింక్షన్ అన్న అలవాటు, పదికి ఎనిమిది వేసి చాలా మంచి మార్కే ఇచ్చామనుకుంటాం. ఆ లెక్కలో మన ఎనిమిదికి విలువే లేదు. ఇంకో మాట, సర్క్యులర్‌లో ఎంతమందికి ఫారం పంపారో, ఎంతమంది నింపారో ఉండదు. అది లేని శాతాన్ని పట్టించుకోనక్కర్లేదు.

రాసిన మాటల దారి వేరు. ఆఫీసులో ఒకరు కూర్చుని వాటిని రవాణా, శుభ్రత, చదువు, ఫీజు, ఇతరాలు అని ఎక్సెల్‌లో విడగొడతారు. ఎవరి పని వాళ్లకు పంపి, టికెట్ నంబరు వేస్తారు. మూడు పనిదినాల్లో యాప్‌లో జవాబు రావాలన్నది వాళ్లే పెట్టుకున్న నియమం, చాలావరకు వస్తుంది. కాకపోతే ఎవరికి పంపాలో అర్థం కాని ఫిర్యాదుకు నంబరు పడదు. ‘బస్సు సరిగ్గా రావట్లేదు, దయచేసి చూడండి’ అని రాస్తే, మీ విలువైన సూచనకు ధన్యవాదాలు, సంబంధిత విభాగం దృష్టికి తీసుకెళ్లాం అని వస్తుంది. అంటే ఎవరి దృష్టికీ వెళ్లలేదని. అదే విషయాన్ని ఇలా రాయాలి:

‘రూట్ 14, ఆల్విన్ చౌరస్తా స్టాప్. యాప్‌లో ఉన్న టైం 7.10. జూలై 8 నుంచి 12 దాకా బస్సు వచ్చిన టైములు 7.26, 7.31, 7.24, 7.35, 7.28. స్కూల్ గేటు చేరేసరికి మొదటి బెల్ అయిపోతోంది. ఈ రూట్‌లో కొత్తగా కలిపిన స్టాప్ ఏదైనా ఉందా?’

ఆఖరి ప్రశ్న ముఖ్యం. ట్రాన్స్‌పోర్ట్ ఇన్‌చార్జి అవునో కాదో చెప్పి తీరాలి. ఏడాది మధ్యలో చేరిన పిల్లల కోసం స్టాపులు కలుపుతూ పోయి, బోర్డు మీది టైములు మాత్రం మార్చకపోవడమే ఆలస్యాలకు మామూలు కారణం. రెండోది జీపీఎస్ పెట్టెలోని సిమ్‌కు రీఛార్జి అయిపోవడం. అప్పుడు యాప్‌లో బస్సు నిన్న సాయంత్రం ఆగినచోటే కనిపిస్తుంది, స్టాప్‌లో నిలబడ్డవాళ్లకు బస్సు రాలేదో, యాప్ కదలలేదో తెలియదు. మూడోది, డ్రైవర్ మారినప్పుడు రూట్ తెలిసిన ఆయమ్మను కూడా అదే వారం వేరే బస్సుకు మార్చడం. ఈ మూడింటి మీదా స్కూల్ బాగానే కదులుతుంది. స్టాపుల టైములు మళ్లీ రాసి పంపుతుంది, రూట్ మరీ పొడవైతే రెండుగా చీలుస్తుంది. రవాణా డబ్బు విడిగా వసూలవుతుంది కాబట్టి ఆ విభాగానికి తన ఖర్చు తను పెట్టుకునే వీలుంది. అసలు గుట్టు అంతే.

టాయిలెట్ల ఫిర్యాదులకు జవాబు తొందరగా వస్తుంది, పని మాత్రం సగమే జరుగుతుంది. ప్రతి తలుపు వెనకా ఒక చెక్‌లిస్టు వేలాడదీశారు: టైం, నీళ్లు, సబ్బు, నేల పొడిగా ఉందా, సంతకం. గంటన్నరకోసారి చూడాలి. పీటీఎం (తల్లిదండ్రులు, టీచర్ల సమావేశం) రోజు ఆ కాగితాన్ని కాస్త దగ్గరగా చూడండి. పొద్దున 8 నుంచి మధ్యాహ్నం 3 దాకా సంతకాలన్నీ ఒకే పెన్నుతో, ఒకే వాలుగా, ఒకే గుక్కలో పెట్టినట్టుంటే అది చెక్‌లిస్టు కాదు, అలంకారం. ఫారంలో ‘టాయిలెట్లు మురికి’ అని రాసేకన్నా, రెండో అంతస్తు ఆడపిల్లల వైపు లంచ్ తర్వాత నీళ్లు రావట్లేదని రాస్తే ఫలితం ఉంటుంది. లంచ్‌లో అందరూ ఒకేసారి చేతులు, డబ్బాలు కడుగుతారు, పై ట్యాంకు ఖాళీ అవుతుంది, మోటారు వేసే మనిషి అప్పుడే భోజనానికి వెళ్తాడు. ఇది తెలిశాక స్కూల్ మోటారుకు ఆటోమేటిక్ స్విచ్ పెట్టించింది. సబ్బు సంగతి ఇప్పటికీ అంతంతే.

నీళ్లు, బ్యాగు బరువు అని ఫారంలో రెండు వేర్వేరు ప్రశ్నలుంటాయి. రెంటికీ వేర్వేరు జవాబులొస్తాయి. నిజానికి రెండూ ఒకే సమస్య. 2020 నాటి జాతీయ స్కూల్ బ్యాగ్ విధానం ప్రకారం బ్యాగు బరువు పిల్లల బరువులో 10 శాతం దాటకూడదు. 28 కిలోల నాలుగో తరగతి పిల్లకు 2.8 కిలోలన్నమాట. ఇంట్లో త్రాసు మీద పెట్టి చూడండి. ఖాళీ బ్యాగు 800 గ్రాములు, లీటరు నీళ్లతో స్టీలు సీసా 1.3 కిలోలు, అన్నంతో డబ్బా అర కిలో. అప్పటికే 2.6 కిలోలు, ఇక పుస్తకాలకు మిగిలింది 200 గ్రాములు. స్కూల్ నీళ్ల రుచి నచ్చక పిల్లలు తాగరు, అందుకే ఇంటి నుంచి లీటరు సీసా. స్కూల్ మాత్రం బ్యాగు ఫిర్యాదుకు టైంటేబుల్ మార్చింది, నీళ్ల ఫిర్యాదుకు ఆర్వో యంత్రం మీద టీడీఎస్ అంకె రాసిన స్టిక్కరు అంటించింది. టీడీఎస్ నీళ్లలో కరిగిన లవణాల సంగతే చెబుతుంది. మన ప్రమాణాల్లో లీటరుకు 500 మిల్లీగ్రాముల దాకా ఫరవాలేదు. సూక్ష్మక్రిముల గురించి ఆ అంకె ఏమీ చెప్పదు. కాబట్టి అడగాల్సింది ఫిల్టరు క్యాండిల్స్ మార్చిన తేదీ, ట్యాంకు కడిగిన తేదీ, ల్యాబు నివేదిక. ఈ మూడూ యంత్రం పక్కన అతికించమని అడిగితే మొదటి రెండూ అతికించారు. చిన్న తరగతుల్లో కొందరు అర లీటరు సీసాకు మారారు కూడా.

ఇక నోట్‌బుక్ కరెక్షన్. ఎక్కువ ఫిర్యాదులొచ్చేది దీని మీదే, స్కూల్ మొదట్లో ఘోరంగా స్పందించిందీ దీని మీదే. ‘టీచర్లకు గట్టిగా చెప్పాం’ అని జవాబిచ్చింది. చెబితే అయ్యే పనైతే ఎప్పుడో అయ్యేది. లెక్క చూడండి. ఒక సోషల్ టీచర్‌కు ఆరు సెక్షన్లు, సెక్షన్‌కు 38 మంది, మొత్తం 228 పుస్తకాలు. ఒక్కోదానికి మూడు నిమిషాలు పెట్టినా 11 గంటల 24 నిమిషాలు. వారానికి 40 పీరియడ్లలో 30 పాఠాలు చెబితే మిగిలేవి పది, 40 నిమిషాల చొప్పున 400 నిమిషాలు. అందులోనే రాని టీచర్ల బదులు క్లాసులు, పరీక్ష పేపర్లు, యాప్‌లో హోంవర్క్ ఎక్కించడం. గట్టిగా చెప్పాక జరిగింది ఏమిటంటే, పుస్తకాలన్నిట్లో ఎర్ర టిక్కు, కింద సంతకం, తేదీ పడ్డాయి. ‘రాష్ట్రం’ అన్నది ‘రాష్టం’ అని రాసినచోట కూడా టిక్కే. తల్లిదండ్రులు చూసి ఇంకా మండిపడ్డారు.

తర్వాతి ఫారంలో కొందరు నేరుగా ఆ పేజీల ఫొటోలు జతచేశారు. అప్పుడు కోఆర్డినేటర్ పద్ధతే మార్చారు. పదిహేను రోజులకు సబ్జెక్టుకు ఒక్క పని మాత్రమే టీచర్ పూర్తిగా దిద్దాలి, తప్పు కింద గీత గీసి పక్కన సరైనది రాయాలి. మిగిలినవి బోర్డు మీద జవాబు చూసి పిల్లలే ఆకుపచ్చ పెన్నుతో దిద్దుకోవాలి. దిద్దిన పని మీద గుర్తు వేరుగా ఉంటుంది కాబట్టి ఇంట్లో ఏది చూడాలో తెలుస్తుంది. ఇది నిజంగా పనిచేసింది. పీరియాడిక్ టెస్టులకు ముందు వారం మాత్రం పాత టిక్కులే మళ్లీ కనిపిస్తాయి, దానికి మందు లేదు. ఈ స్కూల్ స్పందనలో నాలుగు నక్షత్రాలు ఇవ్వదగ్గది ఈ ఒక్క మార్పే.

టీచర్లు ఏడాది మధ్యలో మానేయడం, ఫీజుల పెంపు, ఈ రెండింటి మీదా ఎంత రాసినా ఫలితం సున్నా. మొదటిదానికి ‘ప్రత్యామ్నాయ ఏర్పాట్లు చేశాం’, రెండోదానికి ‘మేనేజ్‌మెంట్ పరిధిలోని విషయం’. 1994 నాటి జీవో 1లో ఫీజుల ఆదాయంలో సగం సిబ్బంది జీతాలకు పోవాలని, యాజమాన్యానికి 5 శాతం మించకూడదని ఉంది. ఆ లెక్క చూపమని ఫారంలో రాస్తే టికెట్టే పడదు. ఫీజు పెరగకుండా ఆగింది కరోనా ఏడాదిలోనే, 2020 ఏప్రిల్‌లో ప్రభుత్వం జీవో 46 ఇచ్చినప్పుడు. ఫీడ్‌బ్యాక్ చూసి ఆగింది మాత్రం కాదు.

యూనిఫాం, పుస్తకాల విషయంలో జవాబు తెలివిగా ఉంటుంది. 2024 మే నెలాఖరులో హైదరాబాద్ జిల్లా విద్యాధికారి (డీఈఓ), ప్రైవేటు స్కూళ్ల ఆవరణలో యూనిఫాం, బూట్లు, బెల్టులు అమ్మకూడదని, పుస్తకాలు అమ్మితే లాభం లేకుండా అమ్మాలని ఉత్తర్వులిచ్చారు. ఆ ఉత్తర్వు హైదరాబాద్ జిల్లాది, ఈ స్కూల్ ఉన్నది రంగారెడ్డిలో. అయినా ఇక్కడా ఇప్పుడు ఆవరణలో కౌంటర్ లేదు, సర్క్యులర్‌లో ఒక దుకాణం పేరుంది. ఆ రంగు చారల గుడ్డ ఇంకెక్కడా దొరకదు. ఫారంలో ధర గురించి కాక, గుడ్డ నమూనా, బ్యాడ్జీ విడిగా ఇస్తారా అని అడగండి. బ్యాడ్జీ విడిగా ఇస్తున్నారు. తెల్ల చొక్కా బయట కుట్టించుకుని అతికించుకోవచ్చు.

ఎప్పుడు రాయాలన్నది కూడా చూసుకోవాలి. జనవరి ఫారం చాలా వివరంగా, మర్యాదగా ఉంటుంది గానీ, అప్పటికి వచ్చే ఏడాది ఫీజు ఖాయమై, పుస్తకాల ఆర్డరు వెళ్లిపోయి ఉంటుంది. మార్చి నెలాఖరుకే కొత్త తరగతి మొదలవుతుంది. డబ్బుతో ముడిపడిన ఏ కోరికైనా దసరా సెలవుల లోపు చేరాలి, ఫారం కోసం ఆగకుండా మెయిల్ చేయాలి. జూలై ఫారంలో మాత్రం బస్సు, నీళ్లు, సెక్షన్ మార్పులు రాస్తే అదే టర్మ్‌లో అవుతాయి. ఒకే ఫిర్యాదును మాట మార్చకుండా వాట్సాప్‌లో వందమంది ఫార్వర్డ్ చేసుకుని అతికిస్తే ఆఫీసు దాన్ని ఒకే టికెట్‌గా కలిపేస్తుంది. ఐదుగురు ఐదు తేదీలతో రాస్తే ఐదూ లెక్కలోకొస్తాయి.

పిల్లల ఒంటి మీద చెయ్యి పడిన విషయం, అసభ్య ప్రవర్తన, ఇలాంటివి ఈ ఫారంలో రాయనే కూడదు. ‘ఇతరాలు’ గడిలో పడి మూడు రోజులు ఆగేవి కావవి. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి గానీ పోలీసులకు గానీ నేరుగా చెప్పాలి. లైంగిక వేధింపుల సంగతైతే, 2012 పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి, స్కూల్ దాచిపెట్టినా నేరమే.

టికెట్ రెండుసార్లు ‘పరిష్కరించబడింది’ అని మూసేసినా పని కాకపోతే వరస ఇది: క్లాస్ టీచర్, కోఆర్డినేటర్, ప్రిన్సిపాల్‌కు రాతపూర్వకంగా, తర్వాత మండల విద్యాధికారి (ఎంఈఓ), డీఈఓ. ఇక్కడ చాలామంది పొరబడేది జిల్లా దగ్గర. మియాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి రంగారెడ్డి జిల్లాలోవి, కూకట్‌పల్లి, నిజాంపేట మేడ్చల్–మల్కాజిగిరిలోవి. హైదరాబాద్ డీఈఓ ఆఫీసులో అర్జీ ఇస్తే తిప్పి పంపుతారు. ఎవరి జిల్లా కలెక్టరేట్‌లో వాళ్లు సోమవారం ప్రజావాణిలో ఇవ్వొచ్చు. యాప్‌లో మూసేసిన టికెట్ల స్క్రీన్‌షాట్లు తేదీలతో సహా ప్రింటు తీసి జతచేయండి. స్కూల్ మారితే యాప్ లాగిన్ ఆ రోజే ఆగిపోతుంది, కాబట్టి అవి ముందే తీసి పెట్టుకోవాలి.