అనంతపురంలో పొట్టేళ్లకు మినరల్ మిక్స్చర్ (దాణాలో కలిపే ఖనిజ లవణాల పొడి) కొనేవాళ్లు ముందు ఇది చదవండి

ఆ దాణా షాపు పేరు రాయను, అక్కడ కొనేవాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది. బక్రీద్‌కు అమ్ముదామని మేపుతున్న పొట్టేళ్లకు, కోబాల్ట్ అనే ఖనిజం ఉన్న మిక్స్చర్ అని చెప్పి ఎర్రపొడి సంచి అంటగట్టాడు. చెనిక్కాయ కట్టె, దాణా కడుపునిండా పెడుతున్నా ఒళ్లు పట్టలేదు సరికదా, మేత ముందు నిలబడి మొహం తిప్పుకోవడం మొదలుపెట్టాయి. కళ్ల నీళ్లు కారి బుగ్గల మీద వెంట్రుకలు అట్టకట్టాయి, రెప్ప తిప్పి చూస్తే లోపలంతా తెల్లగా పాలిపోయింది. నట్టల మందు (కడుపులో పురుగులకు వేసేది) ముందే తాపించాం. చివరికి డాక్టరు గారు బి12 విటమిన్ ఇంజెక్షన్లు వేశాక మళ్లీ మేతకు వంగాయి.

గొర్రె పెద్దపొట్టలో సూక్ష్మజీవులు మేతను పులియబెట్టి ఆమ్లాలు తయారుచేస్తాయి, దానికి బలం ఎక్కువగా వాటి నుంచే. వాటిలో ప్రొపియోనిక్ ఆమ్లాన్ని కాలేయం గ్లూకోజ్‌గా మార్చాలంటే బి12 కావాలి, ఆ బి12 తయారుచేయడానికి సూక్ష్మజీవులకు కోబాల్ట్ కావాలి. కిలో ఎండుమేతకు 0.1 నుంచి 0.2 మిల్లీగ్రాములు చాలు. అదీ అందకపోతే ఆకలి చచ్చిపోతుంది, ఒంట్లో కొవ్వు కరిగిపోయి కాలేయంలో పేరుకుంటుంది, ఇక ఎంత దాణా పోసినా దండగే.

సంచి తీసుకుని షాపుకు పోయాను. అతని ముందే గుప్పెడు పొడి గ్లాసు నీళ్లలో కలిపాను, ఉప్పు కరిగిపోయి అడుగున ఎర్రటి మడ్డి, ఇసుక మిగిలాయి. కోబాల్ట్ ఏదని అడిగితే వేలుపెట్టి చూపిస్తూ "ఆ ఎరుపే కోబాల్ట్" అన్నాడు! కలపాల్సిన కోబాల్ట్ ఎంత తక్కువంటే దాని రంగు అసలు బయటికే కనపడదు. ఆ మాటే అంటే, పదిమంది రైతులు చూస్తుండగా "గొర్రెలు కాసుకునేటోనికి ఇవన్నీ ఎందుకప్పా, పో పో" అని గ్లాసు లాక్కుని మోరీలో పారబోశాడు. డబ్బుల సంగతి తరువాత, నోరులేని జీవాల కడుపు ఎండబెట్టి మళ్లీ మననే అంత మాట అంటాడా? ఇప్పటికీ కడుపు మండిపోతోంది.

ఏం లేకపోయినా బిల్లు అడగండి. సంచి మీద తయారీదారు అడ్రసు, బ్యాచ్ నంబరు, ఏ లవణం ఎంతుందో లేకపోతే ముట్టుకోవద్దు. ఇంకొకటి, ఆవుల మిక్స్చర్ గొర్రెలకు పెట్టకండి, అందులో రాగి ఎక్కువ, అది గొర్రె కాలేయంలో చేరి చేరి ఒకరోజు ఉన్నట్టుండి కామెర్లు, ఎర్రమూత్రంతో చంపేస్తుంది. సంతకు పోయేవాళ్లకు కూడా చెప్పండి.